గడ్డిమసి

కార్పొరేషన్ ఆఫీసులో గుమాస్తా అడిగాడు,
"క్యూరేటర్ అంటే ఏం చేస్తారమ్మా?"
పట్టాలు పంచుతారు చూడండి,
అలా గోడలు పంచుతానన్నాను.
నవ్వి స్టాంపు కొట్టాడు.
పదకొండు గోడలు, తొమ్మిదిమంది చిత్రకారులు,
బందరు కాలువ గట్టు పొడవునా
మూడు రాత్రుల పాటల పండగ.

పంపుహౌసు గోడ కావాలన్నవాళ్ళు నలుగురు.
చెత్తకుండీ వెనక గోడని అడిగినవాళ్ళు లేరు.
డబ్బిచ్చింది తాము గనక
ప్రతి బొమ్మలో ఎక్కడో ఒక పైపు ఉండాలన్నారు
పైపుల కంపెనీవాళ్ళు.
ఒక అమ్మాయి పాముని వేసింది.
వాళ్ళకది పైపులాగే కనపడింది.

పంపుహౌసు సుధాంశుకిచ్చాను.
విశాఖ నుంచి రాత్రి రైలుకి వచ్చి
పరంజా మీదే తిని, పరంజా మీదే పడుకుని
నాలుగు రోజుల్లో నలభై ఒక్క కొంగల్ని ఎగరేశాడు.
అంత తెలుపు ఈ ఊళ్ళో నేను చూడలేదు.
ఇక్కడ ఉతికిన చొక్కా
బెంజి సర్కిల్ దాటేలోగా వన్నె మారుతుంది.

మూడో రాత్రి డప్పులు.
మంటాడ నుంచి మరియదాసు, మరో ఏడుగురు,
ట్రాలీ ఆటోలో వాళ్ళతోపాటు ఒక గడ్డిమోపు.
వయొలిన్‌కి ఏసీ గది ఇచ్చాం, తీగె చెమర్చకూడదని.
గిటార్లవాళ్ళకి అద్దం, కుర్చీలు, కొబ్బరినీళ్ళు.
వీళ్ళకి జనరేటరు పక్కన చోటు.
డీజిలుంది, మంటొద్దని అక్కణ్ణుంచీ తరిమారు.
మంచు దిగుతోంది.
తోలు మెత్తబడితే డప్పు మాట్లాడదు,
గొణుగుతుంది.
గాలి తగలని మూల కోసం తిరిగితిరిగి
పంపుహౌసు దగ్గర ఆగారు.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి
సుధాంశు అరవడం కూడా మానేశాడు.
ఏడు కొంగలు కాకులయ్యాయి.
ఎనిమిదోదానికి ఒక్క రెక్క.
మరియదాసు డప్పు చంకన పెట్టుకుని
"కాక లేకపోతే పలకదమ్మా" అన్నాడు,
క్షమాపణలా కాదు, లెక్క చెప్పినట్టు.
ఇద్దరూ నావైపు చూశారు.
గోడలు పంచినదాన్ని కదా.

చేతిలో నేను గీసిన మ్యాపు.
పదకొండు గోడలకి పదకొండు ఎర్రగీతలు, కొలతలతో సహా.
వయొలిన్‌కి చదరం. గిటార్లకి చదరం.
డప్పులకి చుక్క,
అదీ ఓ చివర, కలం విదిలిస్తే పడినట్టు.

ఏం చెప్పాలో తోచక
వేదికెక్కి వాయించమన్నాను.
తొలి దరువుకే పరంజా గొట్టాలు మోగాయి.
పన్నెండింటికి తిరిగొచ్చి చూస్తే
సుధాంశు డబ్బాలో గడ్డిబూడిద కలుపుతున్నాడు.
వేలితో తొమ్మిదో కొంగ మెడకి రాస్తున్నాడు.
మనసు మారిందా అన్నాను.
"తెలుపు అయిపోయింది,
షాపులు కట్టేశారు" అన్నాడు.

పొద్దున పేరుపలక నేనే రాశాను:
నలభై ఒక్క పక్షులు.
ఎక్రిలిక్, సున్నం, వరిగడ్డి మసి.
సుధాంశు, మరియదాసు,
ఆ తర్వాత కుంచె ఆగింది.
మిగతా ఏడుగురి పేర్లు నాకు తెలియవు.
ఫోన్ చేస్తే ట్రాలీ హోరులో ఒక్కొక్కరే అందుకుని చెప్పారు,
ఇశ్రాయేలు, రత్నబాబు, పెదయోహాను, చినయోహాను,
ఏలియా, గాబ్రియేలు,
చివరివాడు సిగ్గుపడి ఇంటిపేరు మాత్రం చెప్పాడు.
పైపుల కంపెనీకి పలక మీద చోటు మిగల్లేదు.

వచ్చే ఏడు మ్యాపు ఇంకెవరైనా గీస్తే బాగుండుననుకుంటూ
ఇంటికొచ్చాను.
ఎవరూ గీయరు. నేనే గీస్తాను.
ముందు మంట ఎక్కడో అడిగి,
తర్వాత గోడలు.